పన్నెండో డబ్బా

నల్లగండ్ల,
జనవరి 19, 2025.

వీరేశం కాకాకు,

జ్యోత్స్న రాస్తున్నాను. బాగున్నావా అని అడగడానికి చేయి రావడం లేదు కాబట్టి అడగను. ములాఖత్‌కు రెండుసార్లు వచ్చాను. గేటు దగ్గర పేరు రాసిచ్చి గంటన్నర బెంచీ మీద కూర్చున్నాను. రెండుసార్లూ వార్డరు తిరిగి వచ్చి, నువ్వు రానంటున్నావని చెప్పాడు. బుచ్చమ్మ చిన్నమ్మ వస్తే మాత్రం వస్తున్నావట. నా మీద కోపమేమో అనుకున్నాను. కోపమైతే బాగుండేదనీ అనుకున్నాను.

ఇప్పుడు రాస్తున్నది ఒక పని మీద. నవంబరులో ఆ అమ్మాయి, సౌజన్య, పెద్ద రాట్నం మీది నుంచి పడి చనిపోయినప్పటి నుంచి నువ్వు లోపలే ఉన్నావు. బెయిల్ అర్జీ రెండుసార్లు కొట్టేశారు. మన వకీలు గిరీష్ గారు మూడోసారి పెడుతున్నారు. పార్కు ఎప్పుడు మొదలైంది, ఏ రాట్నం ఏ సంవత్సరంలో వచ్చింది, ఎవరు బిగించారు, ఎవరు బాగుచేసేవారు, ఇవన్నీ వరుసగా రాసి ఇమ్మన్నారు. నలభై ఏళ్లు ఒక్క ప్రమాదం లేకుండా నడిచిన చోటని చూపించాలట.

నాన్న పోయాక బీరువాలో దొరికిన కాగితాలు సగం చెదలు తిన్నాయి. నేను ప్రభుత్వ కాలేజీలో ఇరవై ఏళ్లుగా చరిత్ర చెబుతున్నాను. కాకతీయులు తవ్వించిన చెరువుల గురించి గంటసేపు కాగితం చూడకుండా మాట్లాడగలను. బండకుంట ఒడ్డున మా నాన్న పెట్టిన రాట్నాల తోట గురించి అడిగితే నా దగ్గర ఒక్క తేదీ లేదు. ఇంట్లో ఉన్నది చరిత్ర అని ఎవరికి అనిపిస్తుంది? నువ్వు తప్ప చెప్పేవాళ్లు ఎవరూ లేరు.

ఒక జాగ్రత్త. మన ఉత్తరాలు జైలు ఆఫీసులో చదివాకే చేతికి ఇస్తారని గిరీష్ గారు చెప్పారు. అందుకని రాట్నాల సంగతే రాయి. ఆ ఆదివారం సంగతి వద్దు.

పార్కు గేటుకు సీలు అలాగే ఉంది. మీ ఇల్లు లోపలే కాబట్టి చిన్నమ్మ చందానగర్‌లో వాళ్ల చెల్లెలి దగ్గరే ఉంటోంది. మొన్న వెళ్తే మార్కెట్ చప్పుడుకు నిద్ర పడుతలేదని చెప్పింది. నలభై ఏళ్లు మోటరు చప్పుడు పక్కన పడుకున్న మనిషి.

జ్యోత్స్న


జైలు,
ఫిబ్రవరి 6.

చిరంజీవి జ్యోత్స్నకు మీ కాకా దీవెనలు.

నీ ఉత్తరం అందింది. ఈడ చదువు చెప్పే మాస్టరు ఒకాయన ఉన్నడు. ఆయన్ని అడిగి నాలుగు తెల్ల కాయితాలు తీసుకున్న. నాది ఏడో తరగతి రాత. నీ పిల్లల పరీక్ష కాయితాల లెక్క ఎర్ర గీతలు పెట్టకు.

ముందుగాల అది జామతోట. ఎనభై ఐదుల మీ నాయిన జాతరలల్ల తిప్పే కట్టె గుర్రాల రంగులరాట్నం ఒకటి కొని ఎడ్లబండి మీద తెచ్చిండు. దాని ఆసామి ముసలోడై తిప్పలేక అమ్ముకున్నడు. ఎనిమిది గుర్రాలు, ఒకదానికి తోక లేదు. కరెంటు లేకుండె. నేను, ఇంక ముగ్గురం తోసి తిప్పేది. మొదటి ఆదివారం ఒక్క మనిషి రాలే. బర్లు నీళ్లకు వచ్చి నిలబడి చూసినయ్. మీ నాయిన, "వీరేశం, వీటికన్న టిక్కెట్టు కొట్టురా" అన్నడు.

ఎనభై ఏడుల పడవలు. నాలుగు. చెరువు అప్పుడు గుట్టల దాక ఉండె, ఇప్పటి లెక్క గిన్నె కాదు. తొంభై ఒకట్ల పెద్ద రాట్నం. నుమాయిష్ ఎగ్జిబిషన్‌ల తిప్పిన కాంట్రాక్టరు దగ్గర కొన్నడు. మనుషులు కూసునే డబ్బాలు పన్నెండు, రెండు లారీలల్ల వచ్చినయ్. బిగించుడుకు పదకొండు రోజులు పట్టింది. నువ్వు పన్నెండేండ్ల పిల్లవు, బడి ఎగ్గొట్టి నాకు పానలు అందిచ్చినవ్. తొంభై ఆరుల పిల్లల రైలు. దానికి పాత ఆటో ఇంజను నేనే పెట్టిన. రెండు వేల నాలుగుల ఊగే కొలంబస్ పడవ, అది కొత్తదే. బాగుచేసుడంత నేనే. వెల్డింగు గూడ నేనే.

జనం గూడ మారిన్రు. ముందు ఊరోళ్లు వచ్చేది. తర్వాత బిల్డింగులు కట్టే కూలోళ్లు వచ్చిన్రు. ఆ బిల్డింగులు లేసినంక అండ్ల కొలువు చేసేటోళ్లు మెడల ఆఫీసు కార్డుల పట్టీలు ఏసుకొని వచ్చిన్రు. వాళ్లు పైకి వోయి ఏం చూస్తరనుకున్నవ్? వాళ్ల ఆఫీసు ఎక్కడున్నదో చూస్తరు. పొద్దంత దాంట్లనే ఉండి, మళ్ల టిక్కెట్టు కొని దాన్నే చూసుడేందో నాకు సమజ్ గాలే.

నీ వకీలుకు ఒకటి చెప్పు. పెద్ద రాట్నం తిప్పుడంటే మోటరు తిప్పుడు కాదు, నింపుడు. ఈ దిక్కు లావుగున్నోళ్లు ఇద్దరు కూసుంటే ఎదురు డబ్బాల అంత బరువు పడాలె. లేకుంటే చక్రం ఒక దిక్కు గుంజుతది. మనిషి లైన్ల నిలబడంగనే నాకు కిలోలు తెలుస్తయ్. మీ చిన్నమ్మను పెండ్లిచూపులల్ల చూసి నలభై ఆరు అనుకున్న. తర్వాత కాంటా ఎక్కిస్తే నలభై ఏడు. ఇప్పటికీ ఆ కిలో సంగతి తీసి తిడతది.

పన్నెండో డబ్బా సంగతి కోర్టుకు వద్దు. అది అమ్మవారిది. అందరికి తెలిసిందే.

నీ కాకా,
వీరేశం


బండకుంట కట్ట, ఖాజాగూడ దగ్గర,
మార్చి 11, మంగళవారం.

కాకా,

బెయిల్ మళ్లీ రాలేదు. చిన్నమ్మ చెప్పే ఉంటుంది. నువ్వు రాసిన చరిత్రను గిరీష్ గారు చక్కగా టైపు చేయించి పెట్టారు. జడ్జి గారు ఒక నిమిషం తిరగేశారు. ఆ ఒక్క నిమిషం కోసం నువ్వు నాలుగు కాగితాలు అడుక్కోవలసి వచ్చింది.

ఇప్పుడు కట్ట మీద కారులో కూర్చుని రాస్తున్నాను. ఇక్కడికి ఎందుకు వచ్చానో చెబుతాను.

పార్కు కంచె దగ్గరకు ప్రతి మంగళవారం ఒకాయన వస్తున్నాడని పక్క సైటు వాచ్‌మన్ ఫోన్ చేశాడు. వచ్చి చూశాను. అరవై దాటినాయన. తెల్ల పంచె, చేతిలో స్టీలు గిన్నె. కంచె ఇవతల నిలబడి లోపల ఆగిపోయిన రాట్నానికి దండం పెట్టి, గిన్నెలోని పెరుగన్నం ఆకులో పెట్టి కంచె కింది నుంచి లోపలికి తోశాడు. ఆయన పేరు శ్రీనివాసులు. సౌజన్య వాళ్ల నాన్న. ప్రొద్దుటూరు నుంచి సోమవారం రాత్రి బస్సెక్కి వస్తాడు, మంగళవారం రాత్రి తిరుగు బస్సు.

నన్ను చూసి బస్తీ మనిషిని అనుకున్నాడు. "మా ఊర్లో అమ్మవార్లకు ఏం పెట్టాలో నాకు తెలుసమ్మా. ఈయమ్మకు ఏం ఇష్టమో తెలీదు. మీరు ఇక్కడివారే కదా, చెప్పండి" అన్నాడు. చెరువు కట్ట మీద ఉండే మైసమ్మ గురించి, మన రాట్నంలో ఒక డబ్బాను ఆమె పేరున ఎర్ర గుడ్డ కట్టి ముప్పై ఏళ్లుగా ఖాళీగా తిప్పుతున్నారని ఎవరో ఆయనకు చెప్పారు. కూతురు ఆ డబ్బాలో కూర్చుంది కాబట్టే పడిందని ఆయన నిశ్చయం. "మా పాప తెలీక కూర్చునింది. అంత కుంకుమ పూసి ఉంటే, ఎందుకు పూసినారని అడగొచ్చు కదా. అడగలా. నేను నేర్పలా" అన్నాడు.

నేను ఎవరినో చెప్పలేదు కాకా. ఇక్కడికి దగ్గరలోనే ఉంటానని చెప్పాను. అదీ అబద్ధం కాదు.

ఆయన వెళ్లాక కూర్చుని ఆలోచిస్తున్నాను. ఆ డబ్బాను ఖాళీగా తిప్పడం ఎప్పుడు మొదలైంది? ఎవరు మొదలుపెట్టారు? ప్రతి ఆషాఢంలో దానికి వేపమండలు కట్టడం చూశాను, గాజులు వేలాడదీయడం చూశాను. నమ్మకం లేదు కాబట్టి ఒక్కసారి కూడా అడగలేదు. నమ్మేవాళ్లూ అడగరు, నమ్మనివాళ్లూ అడగరు. ఇంక అడిగేది ఎవరు?

ఆ గుడ్డ నీ అంతట నువ్వే విప్పావని పోలీసుల కాగితంలో ఉంది. కింద నీ సంతకం ఉంది. విప్పమన్నది ఎవరో నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఈ ఉత్తరం మధ్యలో చదివే ఆయన తెలుసుకున్నా నాకు ఫరవాలేదు అని రాయాలని ఉంది. ఫరవా ఉంది కాబట్టే పేరు రాయడం లేదు.

పన్నెండో డబ్బా సంగతి చెప్పు.

జ్యోత్స్న


జైలు,
ఏప్రిల్ 3.

బిడ్డా,

ఈ కాయితం ఆఫీసుల నుంచి రాలే. మీ చిన్నమ్మ ఉతకనీకి తీస్కపోయే బట్టలల్ల పెట్టి ఇస్తున్న. చదివి చింపెయ్.

అడిగినవు కాబట్టి చెప్తున్న. తొంభై ఒకట్ల రెండో లారీ కట్ట ఎక్కుతుంటే ఎనుక తాడు తెగింది. ఒక డబ్బా జారి బండ మీద పడ్డది. డబ్బా వంగలే గని, పైన ఇనుప పైపుకు వేలాడేసే చెవులు రెండుంటయ్ చూడు, అండ్ల ఒకటి పగిలింది. నేను వెల్డింగు పెట్టిన. మూడు రోజులకు మళ్ల నెర్రె ఇచ్చింది. మళ్ల పెట్టిన, మళ్ల ఇచ్చింది. ఆ ఇనుము వెల్డింగు పట్టే ఇనుము కాదు. పదకొండు డబ్బాలతోని తిప్పితే చక్రం ఊగుతది. పన్నెండోది వేలాడాల్సిందే. కొత్తది చేపియ్యనీకి మీ నాయిన దగ్గర అప్పుడు ఏం మిగల్లే. ఖాళీగ వేలాడేసినం. ఖాళీ డబ్బా బరువు అది మోస్తది.

జనం ఊకుంటరా? ఖాళీగున్నది కదా, ఎందుకు కూసోనియ్యవని రోజు లొల్లి. ఒకడు నన్ను గల్లా పట్టి గుంజిండు. పగిలిందని చెప్తే మొత్తం రాట్నమే ఎవ్వడు ఎక్కడు. అప్పుడు మీ నాయిన నీ తల్లి పాత చీర ఎర్రంచు చింపి దానికి కట్టి, "ఇది కట్టమైసమ్మది. ఆమె ఎక్కినంకనే మనం ఎక్కాలె" అని అందరు వినేటట్టు చెప్పిండు. ఆ దినం నుంచి ఒక్కడు అడగలే.

రెండు వేల తొమ్మిదిల చేతుల నాలుగు పైసలు ఆడినయ్. కొత్త డబ్బా చేపిచ్చినం. పాతది దింపనీకి నిచ్చెన ఏస్తే బస్తీ ఆడోళ్లు ముప్పై మంది వచ్చి కూసున్నరు. అమ్మ గద్దెను ఎట్ల పీకుతరని. మీ నాయిన నా దిక్కు చూసిండు. నేను మీ నాయిన దిక్కు చూసిన. నిచ్చెన తీసేసినం. కొత్త డబ్బా షెడ్డు ఎనుక పడేస్తే దాంట్ల కోళ్లు గుడ్లు పెట్టినయ్.

అటెంక నేను గూడ మొక్కుడు మొదలు పెట్టిన. రోజు పొద్దున కుంకుమ పెట్టి మొక్కి మోటరు ఏసేది. అట్ల పదిహేనేండ్లు మొక్కినంక అది పగిలిన డబ్బా అన్న సంగతే నా మనసుల నుంచి పోయింది. ఆ ఆదివారం నువ్వు విప్పమన్నప్పుడు, అమ్మ కోపం చేస్తది బిడ్డా అన్న. చెవి పగిలింది అనాలె. యాదికి రాలే.

నీ తప్పు ఏం లేదు. నీకు ఎవ్వరు చెప్పలే. మీ నాయిన పేరు బయటికి రానియ్యకు. గదొక్కటే నేను అడిగేది.

వీరేశం


నల్లగండ్ల,
మే 4.

కాకా,

చింపలేదు. చింపలేను. నా జీవితంలో నాకు దొరికిన మొదటి చరిత్ర కాగితం అది.

ఈ ఉత్తరం కూడా ఉతికిన బట్టల మధ్యలోనే వస్తుంది. అందుకని పేరు పెట్టే రాస్తున్నాను. గుడ్డ విప్పమన్నది నేను. లైను కట్ట మలుపు దాకా ఉంది. పిల్లలు ఏడుస్తున్నారు. "ఆ డబ్బా కూడా నింపు కాకా" అన్నాను. నువ్వు అమ్మవారి కోపం సంగతి చెప్పావు. "అమ్మవారు ఒక్క ఆదివారం కిందికి దిగి నిలబడుతుందిలే" అన్నాను. పక్కనున్నవాళ్లు నవ్వారు. వాళ్లు నవ్వారు కాబట్టి నువ్వు మళ్లీ మాట్లాడలేదు. నేను ఆ మాట అన్నది లైను కోసమా, నా తెలివి నలుగురికీ వినపడడం కోసమా? ఈ ఆరు నెలల్లో ఆ ప్రశ్నకు నేను చెప్పుకున్న జవాబులు రోజుకొకటి.

గిరీష్ గారి దగ్గరకు వెళ్లి ఈ సంగతంతా చెప్పాను. ఆయన నా ముఖంలోకి చూడకుండా పెన్ను మూత పెట్టి, తీసి, మళ్లీ పెట్టాడు. లైసెన్సు ఇంకా నాన్న పేరునే ఉంది, మేనేజరు అన్న చోట నీ పేరుంది. నేను సర్కారు కొలువులో ఉంటూ వ్యాపారం నడపకూడదు కాబట్టి నా పేరు ఎక్కడా లేదు. ఇప్పుడు నేను వెళ్లి విప్పమన్నది నేనే అంటే నన్నూ లోపల వేస్తారు, ఉద్యోగమూ పోతుంది. సరే, పోనీ అన్నాను. అప్పుడు ఆయన అసలు మాట చెప్పాడు. నేను నోరు తెరిస్తే, అంతకాలం ఆ డబ్బాను ఎందుకు మూసి ఉంచారని అడుగుతారు. అమ్మవారి కోసమంటే నువ్వు ఒక ఆచారాన్ని మీరినవాడివి, అంతే. పగిలిందని తేలితే, తెలిసి తెలిసి మనిషిని కూర్చోబెట్టినవాడివి. "ఆ రెండింటికి శిక్షలో ఏండ్ల తేడా ఉంటది మేడం. మీరు ఆయన్ని కాపాడదామని పోయి ముంచుతరు" అన్నాడు.

అంటే నాన్న చెప్పిన అబద్ధమే ఇప్పుడు నీకు దిక్కు.

ఇందులో నాకు అనుకూలంగా ఉన్నదెంతో, నీకు అనుకూలంగా ఉన్నదెంతో విడదీయలేకపోతున్నాను. నిన్ను కాపాడడానికే నోరు మూసుకున్నానని ఎంత సులువుగా అనుకోగలుగుతున్నానో చూస్తే నా మీద నాకే అసహ్యం వేస్తోంది. అందుకని నిన్నే అడుగుతున్నాను. నేను పగులు సంగతి ఎత్తను. విప్పమన్నది నేనేనని మాత్రం చెబుతాను. తర్వాత ఏం అడుగుతారో అడగనీ. జూన్ ఇరవై మూడున వాయిదా ఉంది. ఆలోపు ఒక్క ముక్క రాయి. చెప్పమంటే చెబుతాను.

ఇంకో సంగతి. చెరువు హద్దులు కొలిచారు. రాట్నాల తోట మొత్తం నీళ్ల హద్దు లోపలికే వచ్చిందట. కొలంబస్ పడవ, రైలు, అన్నీ తీసేస్తారు. కేసు ముగిసేదాకా పెద్ద రాట్నాన్ని మాత్రం ముట్టుకోరు. శ్రీనివాసులు గారు వస్తూనే ఉన్నారు.

జ్యోత్స్న


జైలు,
జూన్ 27.

బిడ్డా,

ఇది గూడ మీ చిన్నమ్మ బట్టల సంచిలనే పంపుతున్న. నీకు వకీలు చెప్పే ఉంటడు. ఇరవై మూడున నీకంటె ముందుగాల నేనే చెప్పేసిన. జడ్జి సారు తప్పు ఒప్పుకుంటవా అంటే ఒప్పుకుంట అన్న. ఎవరన్న బెదిరిచ్చిన్రా అన్నడు. లేదన్న. నాలుగేండ్లు ఏసిన్రు. నీ పేరు రాలే, మీ నాయిన పేరు రాలే, పగులు సంగతి రాలే. నువ్వు ఎనుక బెంచీల కూసున్నవు. లేస్తవేమోనని పరేషాన్ అయిన. లేవలే. మంచిగైంది.

నువ్వు నీ మొకం దాచుకోకుండ రాసినవు. అందుకని నేను గూడ ఒకటి రాయాలె. ఇది ఎవ్వరికి చెప్పలే, మీ చిన్నమ్మకు గూడ.

యాదికి రాలే అని రాసిన చూడు, అది అబద్ధం. యాదికున్నది. గుడ్డ విప్పుతుంటే నా చేతి కింద ఆ నెర్రె తగిలింది. నీకు చెప్పాలనుకున్న. అందరు నవ్వుతున్నరు. ముప్పై ఏండ్ల సంగతి ఆడ నిలబడి ఎట్ల చెప్పాలె, మీ నాయిన దొంగ మాట చెప్పిండని నీకు, నీ ముంగట ఉన్న వంద మందికి? ఒక్కటే పారి తిప్పి మళ్ల కట్టేద్దామనుకున్న.

అప్పుడు లైన్ల చూసిన. ఒక్కొక్కల్ని చూసుకుంట పోయిన. అందర్ల సన్నటి పిల్ల ఎవరా అని. ఆ పిల్ల కనిపించింది. నలభై కిలోలు, అంతకంటె ఒక్కటి ఎక్కువుండదు. చెవి ఓర్చుకుంటది అనుకున్న. దోస్తుతోని కలిసి కూసుంట అంకుల్ అన్నది. వద్దు బిడ్డా, ఒక్కదానివే కూసో, మంచిగ కనిపిస్తది అని చెప్పిన. చెయ్యి పట్టి నేనే ఎక్కించిన. గడియ నేనే ఏసిన.

నాలుగు చుట్లు ఓర్చింది. నాలుగో చుట్టు దాటంగనే నాకు పానం కుదుటపడ్డది. ఐదో దాంట్ల పైకి పోయినంక ఇనుము ఇరిగిన చప్పుడైంది.

నీ మొకం చూస్తే ఇది చెప్పేస్తనని ములాఖత్‌కు రాలే. విప్పమన్నది నువ్వే కావచ్చు. ఆ పిల్లను ఏరింది నేను. నాలుగేండ్లు తక్కువనే. ఇగ నువ్వు ఎవ్వరికి ఏం చెప్పకు.

వీరేశం


నల్లగండ్ల,
జూలై 15, మంగళవారం.

కాకా,

నీ ఉత్తరం అంది రెండు వారాలు దాటింది. ఇన్నాళ్లూ జవాబు రాయడానికి కూర్చుని లేచాను. ఎన్నిసార్లో లెక్క లేదు.

నేను బెంచీ మీద నుంచి లేవలేదు. అది నువ్వు మంచిగైందని రాశావు. నేను ఆ రోజు చీర కుచ్చెళ్లు సర్దుకుని, బ్యాగు పక్కన పెట్టి, లేవడానికి సిద్ధంగానే కూర్చున్నాను. మొదట నీ పేరు పిలిచారు. నువ్వు ఒప్పుకుంట అన్నావు. అంతా కలిపి పది నిమిషాలు కూడా పట్టలేదు. బయటికి వచ్చాక గిరీష్ గారిని, ఇప్పుడు నేను రాసిస్తే ఏమవుతుందని అడిగాను. "ఎవరికి రాసిస్తరు మేడం? అడిగేటోళ్లు లేరు" అన్నాడు. దయగానే అన్నాడు.

కోర్టు అడగకపోతే, అడిగే హక్కు ఉన్న మనిషి ఒక్కడున్నాడు కదా అనుకున్నాను. ఈ రోజు కాలేజీకి సెలవు పెట్టి కట్ట మీదికి వెళ్లాను. బట్టల్లో వచ్చిన నీ ఉత్తరాలు రెండూ బ్యాగులో పెట్టుకున్నాను. మొత్తం చెప్పేద్దామనే వెళ్లాను, నీ భాగంతో సహా. నీకు చెప్పకుండా చేయబోయాను కాబట్టి ఇప్పుడు చెబుతున్నాను.

ఆషాఢం కదా, బస్తీ ఆడవాళ్లు పొద్దున్నే బోనాలతో గేటు దాకా వచ్చి వెళ్లారు. శ్రీనివాసులు గారు వాళ్లు వదిలిన వేపాకులు ఏరి కంచెకు గుచ్చుతున్నారు. నేనెవరినో చెప్పాను. పార్కు మాదేనని, ఆ రోజు ఆ డబ్బా నింపమన్నది నేనేనని, మీ అమ్మాయిది ఏ తప్పూ లేదని చెప్పాను. ఆయన చేతిలో వేపాకులు పట్టుకుని నా మాట పూర్తయ్యేదాకా విన్నారు. తిడతారని చూశాను. కొడతారని కూడా అనుకున్నాను, కాకా. కొట్టి ఉంటే నిలబడేదాన్ని.

"మీరనలేదమ్మా ఆ మాట. ఆయమ్మే మీ నోట అనిపించింది" అన్నారు.

అనిపించింది అమ్మవారు కాదని చెప్పబోయాను. ఆ డబ్బా పగిలిందని చెప్పబోయాను. నోట్లో మొదటి అక్షరం ఉంది. అంతలో ఆయనే అడిగారు.

"ఒక్కటి మాత్రం నాకు అర్థం కావడంలేదమ్మా. ఇద్దరు పిల్లోళ్లు కలిసి వచ్చినారు. కలిసే కూర్చుందామనుకున్నారంట, ఆ పాప ఏడస్తా చెప్పింది. మరి అంతమందిలో ఆయమ్మ మా పాపనొక్కదాన్నే ఎట్ల ఎంచుకునింది? ఏం చూసి ఎంచుకునింది?"

బ్యాగు నా భుజానికే ఉంది. జవాబు అందులో నీ చేతిరాతలో ఉంది. నలభై కిలోలు. ఆ రెండు మాటలు చెబితే ఆయన మంగళవారాలు ముగుస్తాయి. ఆ తర్వాత ఆయన దేన్ని పట్టుకుని ఇంటికి వెళ్తారు? ఇది ఆయన కోసం ఆలోచించానా, నీ కోసమా, నా కోసమా? అక్కడ నిలబడ్డప్పుడు మూడూ వేరుగా కనపడలేదు. ఇప్పుడు బల్ల ముందు కూర్చున్నా కనపడడం లేదు. పగిలిందని చెబితే తర్వాతి ప్రశ్న ఎవరు ఏరారన్నదే అవుతుంది. అందుకని పగిలిందన్నదీ చెప్పలేదు.

తెలియదండీ అన్నాను.

"మీకూ తెలీదు" అన్నారు ఆయన. నన్ను ఓదారుస్తున్నట్టు అన్నారు.

తర్వాత కాసేపు మాట్లాడారు. ప్రతివారం బస్సు ప్రయాణం నడుముకు పడటం లేదట. ప్రొద్దుటూరులో ఇంటికి తాళం వేసి, ఖాజాగూడలో ఒక గది కిరాయికి మాట్లాడుకున్నారట. రేపు సామాను వస్తుంది. ఎన్నాళ్లు ఉంటారని అడిగాను. ఆయమ్మ చెప్పేదాకా అన్నారు.

జ్యోత్స్న